ఉక్కు నగరంలో గూడ్సు బండ్లు: భిలాయి యార్డుల చరిత్ర, చలనచిత్ర సాక్ష్యం

స్వతంత్ర భారత పారిశ్రామిక చరిత్రలో భిలాయి పేరు రాగానే చదువరుల మనస్సులో మెదిలే దృశ్యం కొలిమి. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన ఘట్టం పాఠ్యగ్రంథాలలోనూ, వార్తాచిత్రాలలోనూ స్థానం సంపాదించుకున్నది. ఎర్రగా ప్రవహించే ఇనుము చూపరులను ఆకర్షించడం సహజం. అయితే ఆ కొలిమిలోకి ఖనిజం చేరాలన్నా, అందులోనుంచి వెలువడిన లోహం ఉక్కుగా మారాలన్నా, ఆ ఉక్కు దేశం నలుమూలలకు పోవాలన్నా ఒకే ఒక పని నిరంతరం సాగవలసి ఉంటుంది. అది వ్యాగన్లను విడదీయడం, కలపడం, ఒక దారి నుంచి మరొక దారికి మళ్లించడం. రైల్వే పరిభాషలో దీనినే షంటింగు అంటారు. భిలాయి చరిత్రలో సగం కొలిమి వద్ద జరిగితే, మిగిలిన సగం ఈ షంటింగు దారులపై జరిగింది. మొదటి సగానికి ఉన్నంత లిఖిత సాక్ష్యం, దృశ్య సాక్ష్యం రెండవ సగానికి లేదు.

రైలు దారి ముందు, కర్మాగారం తరువాత

ఛత్తీస్‌గఢ్ మైదానానికి రైలు వచ్చింది ఉక్కు కోసం కాదు, ధాన్యం కోసం. నాగపూర్ నుంచి రాజనందగావ్ వరకు మీటర్ గేజి మార్గం 1882 నాటికి సిద్ధమైంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ దానిని స్వాధీనం చేసుకుని బ్రాడ్ గేజిగా మార్చి, తూర్పుగా పొడిగించి, 1891లో ఆసన్‌సోల్ వరకు చేర్చింది. దుర్గ్, రాయపూర్, బిలాస్‌పూర్ పట్టణాలు ఈ మార్గం మీదనే ఉన్నాయి. దుర్గ్, రాయపూర్‌ల నడుమ నాడు భిలాయి ఒక చిన్న గ్రామం, చిన్న స్టేషను మాత్రమే.

1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాలు న్యూఢిల్లీలో సంతకం చేసిన ఒప్పందం ప్రకారం ఏటా పది లక్షల టన్నుల ఉక్కు తయారుచేసే కర్మాగారానికి ఈ ప్రాంతం ఎంపికైంది. అదే సంవత్సరం ఆగస్టు 1న ఆగ్నేయ రైల్వే వేరుగా ఏర్పడింది. ఈ రెండు ఘటనలు ఒకే ఏడాది జరగడం కాకతాళీయమైనా, తరువాతి దశాబ్దాలలో ఆ రెండు సంస్థల భాగ్యం ఒకదానితో ఒకటి పెనవేసుకుపోయింది. బొంబాయి, హౌరా ప్రధాన మార్గం కర్మాగారానికి ఆనుకుని ఉండడం స్థల నిర్ణయంలో కలిసివచ్చిన గొప్ప సౌకర్యం.

ముడిసరుకు వచ్చే దారులను గమనిస్తే ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది. ఇనుప ఖనిజం దక్షిణాన ఉన్న దల్లీ రాజహరా గనుల నుంచి కర్మాగారం కోసమే వేసిన రైలు మార్గం మీదుగా వస్తుంది. సున్నపురాయి సమీపంలోని నందినీ గనుల నుంచి, డోలమైటు బిలాస్‌పూర్ ప్రాంతంలోని హిర్రీ గనుల నుంచి వస్తాయి. కోకింగ్ బొగ్గు తొలినాళ్లలో ఝరియా తదితర తూర్పు క్షేత్రాల నుంచి వచ్చేది. తరువాత విదేశీ బొగ్గు విశాఖపట్నం రేవులో దిగి, విజయనగరం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్ చేరి భిలాయికి రావడం మొదలైంది. ఈ విధంగా నాలుగు దిక్కుల సరుకు ఒకే ఆవరణలోకి చేరవలసిన అవసరమే భిలాయిలో విశాలమైన యార్డుల నిర్మాణానికి కారణమైంది.

ఒక టన్ను ఉక్కుకు ఎన్ని వ్యాగన్లు?

ఒక టన్ను ఉక్కు తయారీకి ఖనిజం, బొగ్గు, సున్నపురాయి అన్నీ కలిపి స్థూలంగా మూడు నుంచి నాలుగు టన్నుల ముడిసరుకు కావాలి. పది లక్షల టన్నుల కర్మాగారానికి సగటున 35 లక్షల టన్నుల ముడిసరుకు అనుకుంటే, నాడు వాడుకలో ఉన్న నాలుగు చక్రాల వ్యాగన్ సుమారు 22 టన్నులు మోసేది కనుక, సంవత్సరానికి దాదాపు 1,60,000 వ్యాగన్లు, అనగా దినానికి 430కి పైగా నిండు వ్యాగన్లు లోపలికి రావాలి. వచ్చినవన్నీ ఖాళీగా తిరిగి వెళ్లాలి. తయారైన ఉక్కుకు వేరే వ్యాగన్లు కావాలి. ఇది కేవలం ఉజ్జాయింపు లెక్క. అయినా 1967లో కర్మాగారం సామర్థ్యం 25 లక్షల టన్నులకు, 1988 నాటికి 40 లక్షల టన్నులకు పెరిగినప్పుడు యార్డుల మీద పడిన భారం ఎంతటిదో ఊహించుకోవడానికి ఇది చాలు.

ఈ రాకపోకలలో ఒక పాలనాపరమైన సరిహద్దు ఉన్నది. ప్రభుత్వ రైల్వే ఇంజను బండిని ఎక్స్ఛేంజ్ యార్డు వరకు తెచ్చి వదలిపెడుతుంది. అక్కడి నుంచి కర్మాగారపు స్వంత డీజిల్ ఇంజను ఆ వ్యాగన్లను అందుకుంటుంది. ఆ క్షణం నుంచి వ్యాగన్ ఆలస్యానికి కర్మాగారం బాధ్యత వహించాలి. నిర్ణీత గడువులోగా ఖాళీచేసి తిరిగి అప్పగించకపోతే డెమరేజి చెల్లించాలి. కాబట్టి యార్డు రిజిస్టరులో గుమాస్తా వ్రాసుకునే వ్యాగన్ సంఖ్య, వచ్చిన వేళ, పోయిన వేళ అనే మూడు అంకెలు రెండు ప్రభుత్వ సంస్థల మధ్య లెక్కాపత్రాలకు ఆధారం. నాలుగు గంటల జాగు కాగితం మీద చిన్నదిగా కనిపించవచ్చు. కాని అది గనుల వద్ద ఖాళీ వ్యాగన్ల కొరతగా, కొలిమి వద్ద ఖనిజపు కొరతగా పరిణమిస్తుంది.

జెండా, లాంతరు, ఈల

షంటింగు పని చూచిన వారికి మొదట తోచేది దాని నిదానం. గంటకు కొద్ది కిలోమీటర్ల వేగంతో ఇంజను వ్యాగన్ల వరుసను నెడుతుంది. షంటింగ్ మాస్టరు నేల మీద నిలబడి సంకేతాలిస్తాడు. పగలు పచ్చ జెండాను, రాత్రి పచ్చ దీపాన్ని మెల్లగా పైకీ క్రిందికీ ఊపితే ఇంజను తన నుంచి దూరంగా కదలాలని, శరీరానికి అడ్డంగా ప్రక్కల నుంచి ప్రక్కలకు ఊపితే తనవైపు రావాలని అర్థం. పాయింట్స్‌మన్ పట్టాల కూడలి వద్ద దారి మార్చి, వ్యాగన్లను కలిపి, విడదీస్తాడు. ఇంజను డ్రైవరుకు వరుస చివర ఏమి జరుగుతున్నదో కనిపించదు. అతడు నమ్మేది ఆ దీపాన్ని మాత్రమే.

పాత పద్ధతి వ్యాగన్లకు రెండు ప్రక్కల బఫర్లు, మధ్యలో స్క్రూ కప్లింగు ఉండేవి. వాటిని కలపాలంటే మనిషి రెండు వ్యాగన్ల నడుమకు వంగి ప్రవేశించాలి. ఒక్క అడుగు తప్పినా, ఒక్క సంకేతం పొరబాటైనా ప్రాణాపాయమే. పెద్ద మార్షలింగ్ యార్డులలో వాడే హంప్ పద్ధతిలో వ్యాగన్లను చిన్న దిబ్బ మీదికి నెట్టి, శిఖరం వద్ద విడదీసి, వాలు మీద వాటి బరువుతోనే ఒక్కొక్కటిగా తమతమ దారులకు జారవిడుస్తారు. చూపరికి అది ముచ్చటగొలిపే దృశ్యం. క్రింద బ్రేకు పట్టే మనిషికి అది అనుక్షణం అప్రమత్తతను కోరే పని. సెంటర్ బఫర్ కప్లర్లు వ్యాప్తిలోకి వచ్చిన తరువాత రెండు వ్యాగన్లు తాకగానే వాటంతట అవే కలుసుకోవడం సాధ్యమైంది. అయినప్పటికీ బ్రేకు గొట్టాలను చేతితోనే కలపవలసి ఉంటుంది.

కర్మాగారం గోడల లోపల షంటింగు స్వభావం మారిపోతుంది. అక్కడ గడియారం కంటె ఉష్ణోగ్రత కఠినమైన యజమాని. కొలిమి నుంచి లాడిళ్లలోకి తీసిన ఇనుప ద్రవం చల్లబడకముందే స్టీల్ మెల్టింగ్ షాపుకు చేరాలి. లాడిల్ తిరిగి రాకపోతే తరువాతి పోతకు పాత్ర లేదు. బొగ్గు వ్యాగన్లు టిప్లర్ అనే యంత్రంలోకి ఒక్కొక్కటిగా ప్రవేశిస్తే అది వ్యాగన్‌ను అమాంతం తలక్రిందులుగా త్రిప్పి సరుకును దిగపోస్తుంది. స్లాగ్ అనే చిట్టెం కూడా పట్టాల మీదనే బయటికి పోతుంది. ఒకనాడు గుట్టలుగా పారబోసిన ఈ చిట్టెమే కాలక్రమాన సిమెంటు తయారీకి ముడిసరుకైంది. భిలాయి ప్రక్కనే ఉన్న జాముల్‌లో ఏ.సి.సి. సిమెంటు కర్మాగారం నెలకొనడానికి ఈ సామీప్యం తోడ్పడింది. ఈ విధంగా ఒక పరిశ్రమ నుంచి మరొక పరిశ్రమకు పట్టాలే వంతెనలైనాయి.

తెలుగు కార్మికుల పాత్ర

ఈ పట్టాల చరిత్రలో తెలుగువారి భాగం చెప్పుకోదగినది. బెంగాల్ నాగపూర్ రైల్వే దక్షిణ శాఖ ఉత్తర కోస్తా జిల్లాల మీదుగా వాల్తేరు వరకు వ్యాపించినందున విశాఖ, గంజాం మండలాల వారు అసంఖ్యాకంగా ఆ కంపెనీ కొలువులలో చేరారు. ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో నేటికీ తెలుగు వినిపించడానికి మూలం అదే. ఆ కంపెనీ కార్మికుల సంఘానికి నాయకత్వం వహించి, 1927, 1928 సంవత్సరాల సమ్మెల కాలంలో వారి పక్షాన నిలిచిన వరాహగిరి వెంకటగిరి తెలుగువాడు. 1974 మే మాసంలో దేశవ్యాప్త రైల్వే సమ్మె జరిగిన సమయంలో ఆయన భారత రాష్ట్రపతి పదవిలో ఉండడం చరిత్రలోని ఒక విచిత్ర సంఘటన.

1931లో పూర్తయిన విజయనగరం, రాయపూర్ మార్గం శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల పల్లెలను ఛత్తీస్‌గఢ్‌కు నేరుగా కలిపింది. భిలాయిలో నిర్మాణం ఆరంభమైనప్పుడు తెలుగు కుటుంబాలు పని వెదుక్కుంటూ వచ్చిన దారి ఇదే. కర్మాగారంలోనూ, చరోదా వద్ద ఉన్న భిలాయి మార్షలింగ్ యార్డు పరిసరాల రైల్వే కాలనీలలోనూ వారు స్థిరపడ్డారు. సెక్టార్ 5లోని బాలాజీ మందిరం ఆ వలసకు నేడు కనిపించే ఆనవాలు. ఒడిశా, బిహారు, బెంగాలు, కేరళ, పంజాబుల నుంచి వచ్చినవారితో, స్థానిక ఛత్తీస్‌గఢీ శ్రామికులతో కలిసి పనిచేసిన తెలుగువారు యార్డులో ఒక ఉమ్మడి భాషను వాడారు. షంటింగు, పాయింటు, రేక్, సైడింగ్, కాబిన్ అనే మాటలు ఏ భాషవారి నోటనైనా ఒకే అర్థాన్ని ఇచ్చేవి. అపార్థానికి తావిస్తే ప్రాణం పోయే చోట పరిభాషకు అంతటి కచ్చితత్వం అవసరం.

పట్టాలు ఈ నగరంలో బ్రతుకుతెరువుకే కాక వేదనకు కూడా వేదికలైనాయి. 1992 జూలై 1న పవర్‌హౌస్ స్టేషను వద్ద ప్రైవేటు పరిశ్రమల కార్మికులు తమ కోరికల సాధనకై పట్టాలపై బైఠాయించినప్పుడు జరిగిన పోలీసు కాల్పులలో పలువురు మరణించారు. బండి కదలిక ఆగితే నగరం ఆగుతుందనే సత్యం అధికారులకు, కార్మికులకు సమానంగా తెలుసు. ఆ నాటి విషాదాన్ని అర్థం చేసుకోవడానికి కూడా ఈ పట్టాల ప్రాముఖ్యాన్ని గుర్తించాలి.

యార్డు మారిన తీరు

1980వ దశకం ఆరంభంలో సరుకు రవాణాలో మౌలికమైన మార్పు వచ్చింది. 1980 నుంచి 1983 వరకు రైల్వే బోర్డు అధ్యక్షులుగా పనిచేసిన ఎం.ఎస్. గుజ్రాల్ విడివిడి వ్యాగన్లను యార్డు యార్డుకు విడదీసి కూర్చే పద్ధతికి బదులు, బయలుదేరిన చోట నుంచి గమ్యం వరకు ఒకే సరుకుతో, ఒకే రేక్‌గా బండ్లను నడిపే విధానాన్ని పట్టుదలతో అమలుపరిచారు. దాదాపు అదే కాలంలో గాలి బ్రేకులు గల బాక్స్-ఎన్ వ్యాగన్లు ప్రవేశించాయి. సుమారు 58 టన్నుల బరువు మోసే అటువంటి వ్యాగన్లు 58 కలిస్తే ఒక్క బండి మూడు వేల టన్నులకు పైగా సరుకును తరలిస్తుంది. రవాణా వేగం పెరిగింది, వ్యాగన్ల వినియోగం మెరుగుపడింది. దేశానికి దీనివలన కలిగిన మేలు నిర్వివాదం.

ఈ మేలుకు మరొక ముఖం ఉన్నది. విడదీసి కూర్చే అవసరం తగ్గినకొద్దీ దేశమంతటా మార్షలింగ్ యార్డుల ప్రాధాన్యం క్షీణించింది. హంప్‌లు మూతపడ్డాయి. వ్యాగన్ నెంబర్లు చదివి వ్రాసుకునే పని క్రమంగా కంప్యూటరుకు మళ్లింది. చేతి లాంతరు స్థానంలో వాకీటాకీ వచ్చింది. కర్మాగారం లోపల, సైడింగుల వద్ద షంటింగు నేటికీ ఉన్నది గాని, ఒకప్పుడు వందలాది మంది చేతులతో సాగిన విద్య ఇప్పుడు కొద్దిమందికి మాత్రమే పరిమితమైంది. 2003 నుంచి ఈ ప్రాంతం బిలాస్‌పూర్ కేంద్రంగా గల ఆగ్నేయ మధ్య రైల్వే పరిధిలో పనిచేస్తున్నది. 2018లో మహామాయ అనే ఎనిమిదవ బ్లాస్ట్ ఫర్నేసు పని ప్రారంభించింది. దల్లీ రాజహరా నిల్వలు తరిగిపోతున్నందున రావ్‌ఘాట్ గనుల వైపు కొత్త దారి పడుతున్నది. భిలాయిలో తయారయ్యే రైలు పట్టాలను అతికించి 260 మీటర్ల పొడవున, ఒకదానికొకటి తగిలించిన చదును వ్యాగన్ల మీద పంపుతున్నారు. పట్టా తనవంటి పట్టాల మీదనే ప్రయాణించి పోయే ఆ దృశ్యం భిలాయి చరిత్ర సారాంశం వంటిది.

కెమెరా చూచినది, చూడనిది

రైలుకు, చలనచిత్రానికి పుట్టుక నుంచే చుట్టరికం ఉన్నది. 1896 జూలై 7న బొంబాయిలోని వాట్సన్ హోటలులో లూమియేర్ సోదరుల చిత్రాలు మొదటిసారి ప్రదర్శింపబడినప్పుడు స్టేషనుకు రైలు రావడం, కర్మాగారం నుంచి పనివారు వెలుపలికి రావడం అనే రెండు దృశ్యాలు ఆ కార్యక్రమంలో ఉన్నాయి. అనగా భారతీయ ప్రేక్షకుడు తెర మీద చూచిన తొలి వస్తువులలో రైలు, కర్మాగారం రెండూ ఉన్నాయి. బ్రిటన్‌లో తపాలా శాఖ చిత్ర విభాగం 1936లో నిర్మించిన ‘నైట్ మెయిల్’ ఒక ప్రభుత్వ శాఖ తన నిత్య కృత్యాన్ని కళాఖండంగా మలచగలదని నిరూపించింది. అమెరికాలో విన్‌స్టన్ లింక్ అనే ఛాయాగ్రాహకుడు 1955 నుంచి 1960 వరకు నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వేలో ఆవిరి ఇంజన్ల చివరి రోజులను రాత్రివేళల్లో చిత్రించి, వాటి ధ్వనులను సైతం ముద్రించి ఉంచాడు. కళ్లముందు అంతరిస్తున్న దానిని అంతరించకముందే గుర్తించడం అతని ఘనత.

భారతదేశంలో 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ నవభారత నిర్మాణాన్ని విస్తారంగా చిత్రించింది. ఆనకట్టలు, కర్మాగారాలు, ప్రారంభోత్సవాలు దాని వార్తాచిత్రాలలో భద్రపడ్డాయి. అయితే వార్తాచిత్రానికి ఒక సహజ పరిమితి ఉన్నది. కొలిమి ప్రారంభం ఒక్కసారే జరుగుతుంది కనుక అది వార్త. షంటింగు ప్రతి దినం, ప్రతి షిఫ్టులో జరుగుతుంది కనుక అది వార్త కాదు. నిత్యం జరిగేదే చరిత్రకు పునాది అయినప్పటికీ, నిత్యం జరుగుతున్నందువల్లనే అది కెమెరాకు దూరమైంది.

దీనికి మరొక కారణం చట్టం. 1923 నాటి అధికార రహస్యాల చట్టం రైలు మార్గాలను, కర్మాగారాలను అవసరమైనప్పుడు నిషిద్ధ స్థలాలుగా ప్రకటించే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది. రైల్వే ఆవరణలలో చిత్రీకరణకు అనుమతి పొందే నియమాలు ఉన్నాయి. దేశ భద్రత దృష్ట్యా ఈ నియమాలకు హేతువు ఉన్నది. కాని దశాబ్దాల తరబడి వాటి ఫలితంగా పనిస్థలం లోపలి దృశ్యం సామాన్యుని కెమెరాకు అందలేదు. వంతెనల మీద, రైల్వే గేట్ల వద్ద, బహిరంగ స్థలాలలో నిలబడి గూడ్సు బండ్లను చూచి ఆనందించే ఔత్సాహికులు ఇటీవలి దశాబ్దాలలో చిత్రించినవే నేడు మిగిలిన దృశ్యాలలో ముఖ్యమైనవి. గూడ్సు పెట్టెలు లెక్కపెట్టని తెలుగు బాల్యం అరుదు. ఆ బాల్య కుతూహలమే వయస్సుతో పాటు శ్రద్ధగా మారినప్పుడు చరిత్రకు ఉపకరిస్తుంది.

ఇటువంటి చిత్రాలకు సాక్ష్య విలువ ఏమిటి? యార్డు రిజిస్టరు ఒక వ్యాగన్ ఏ వేళకు వచ్చిందో చెబుతుంది. ఇంజను ఆగినప్పుడు బఫర్ల చప్పుడు ఈ చివర నుంచి ఆ చివరకు ఎలా పరుగెత్తిందో చెప్పదు. నియమావళి జెండాను ఎలా ఊపాలో చెబుతుంది. అనుభవం గల చేయి దానిని ఎంత పొదుపుగా ఊపేదో చెప్పదు. చలనచిత్రం ఈ లోటును తీరుస్తుంది. అయితే చిత్రం ఒంటరిగా చాలదు. తేదీ, స్థలం, దారి పేరు, బండి దిశ, ఇంజను తరగతి, సరుకు నమోదు కాకపోతే అది అందమైన బొమ్మగా మాత్రమే మిగులుతుంది. పనివారి జ్ఞాపకాలు దానికి తోడుకాకపోతే తెర మీద కనిపించే మనిషి పేరులేని నీడగా ఉండిపోతాడు. చిత్రం, రిజిస్టరు, మౌఖిక కథనం ఈ మూడూ కలిసినప్పుడే చరిత్రకారునికి పూర్తి సాక్ష్యం లభిస్తుంది.

కర్తవ్యం

భిలాయి మార్షలింగ్ యార్డుకు సమీపంలోనే దేవ్‌బలోదా గ్రామం ఉన్నది. అక్కడి కలచురుల కాలపు శివాలయం భారత పురావస్తు శాఖ రక్షణలో ఉన్న స్మారకం. ఆ ఆలయాన్ని కట్టిన శిల్పుల పేర్లను కాలం దాచివుంచినా వారి చేతిపని నిలిచి ఉన్నది. ప్రక్కనే ఉన్న యార్డు సంగతి ఇందుకు భిన్నం. అక్కడ పనిచేసినవారి పేర్లు సేవా పుస్తకాలలో ఉన్నాయి. వారి చేతిపని మాత్రం వ్యాగన్‌తో పాటే సాగిపోయింది. రాతి మీద చెక్కినది నిలుస్తుంది. కదలిక రూపంలో ఉన్న విద్యను నిలపగలిగేది దృశ్య లేఖనం ఒక్కటే.

1977లో ఢిల్లీలో నెలకొన్న జాతీయ రైలు మ్యూజియం ఇంజన్లను, పెట్టెలను ఆదరంతో కాపాడుతున్నది. యంత్రాన్ని కాపాడినట్లే పనిని కూడా కాపాడవలసిన అవసరం ఉన్నది. తొలితరం పాయింట్స్‌మన్లు, షంటింగ్ మాస్టర్లు, నెంబరు గుమాస్తాలు వార్ధక్యంలో ఉన్నారు. అనేకులు కాలధర్మం చెందారు. మిగిలినవారి కథనాలను వారి వారి మాతృభాషలలో నమోదు చేయడం, పాత యార్డు పటాలను, రిజిస్టర్లను వ్యర్థ పత్రాల జాబితాలోకి పోకుండా ఆపడం, ఔత్సాహికుల వద్ద ఉన్న చిత్రాలను వివరాలతో సహా సేకరించి భద్రపరచడం పెద్ద వ్యయంతో కూడిన పనులు కావు. రైల్వే, ఉక్కు, సాంస్కృతిక శాఖల మధ్య కొంత సమన్వయం, సరైన వేళకు ఇచ్చిన ఒక ఉత్తర్వు ఉంటే చాలు. రికార్డుల విసర్జన గడువు ప్రతి కార్యాలయంలోనూ ఉంటుంది. యార్డు రిజిస్టర్లకు ఆ గడువు ముగిసేలోగా ఈ ఉత్తర్వు వెలువడితే, భిలాయి చరిత్రలో వ్రాయబడని సగాన్ని వ్రాయడానికి రానున్న తరాలకు ఆధారం మిగులుతుంది.